తొమ్మిదో తలుపు దగ్గర మనిషి

మా ఆవిడ చెట్లు గీస్తుంది. ముప్ఫై ఏళ్ళుగా అదే పని. బడి పుస్తకాల్లో వేరు ఎక్కడ, కాండం ఎక్కడ అని బాణం గుర్తులు పెట్టి చూపించే బొమ్మలుంటాయే, వాటిలో చాలావరకు ఆవిడ చేతివే. మనుషుల్ని మాత్రం గీసేది కాదు. పెళ్ళయిన కొత్తలో నా బొమ్మ ఒకటి గీయకూడదా అని అడిగాను. "చెట్టయితే గీసేదాకా నిలబడుతుంది. మనిషి, నేను కన్ను గీసేలోపు మూతి మార్చేస్తాడు" అంది. నేను మూతి మార్చుకున్నాను. "చూశారా మరి" అంది. ఆ తరువాత ఎప్పుడూ అడగలేదు.

నేను గడియారాలు బాగుచేస్తాను. ముందు గది నా కొట్టు, వెనక గది ఆవిడ పనిగది, మధ్య గదిలో మా అత్తగారు. "ఈ పక్క టిక్కుటిక్కు, ఆ పక్క బరుకుబరుకు, మధ్యలో ఈ ముసలిదానికి నిద్రెలా పడుతుందిరా దేవుడా" అని అత్తగారు రోజూ అనేది. అంటూ అంటూనే గుర్రుపెట్టేది.

మేమిద్దరం బహాయిలం. అత్తగారు కాదు. "దేవుడు ఒక్కడే అంటారు కదా, ఆ ఒక్కడితో నా సంగతి కూడా మీరే ఓ మాట చెప్పండి" అని మా నెత్తిన పెట్టి ఊరుకుంది. మా వీధికి పావుగంట నడక దూరంలో మా ప్రార్థనా మందిరం ఉంది. తొమ్మిది వైపులు, తొమ్మిది తలుపులు, పైన గుమ్మటం, చుట్టూ తోట. లోపల విగ్రహం ఉండదు, పటం ఉండదు, పూజారి ఉండడు. ఎవరైనా ఏ తలుపు నుంచైనా వచ్చి కూర్చోవచ్చు.

నేను నియమాల మనిషిని. రోజుకు తొంభై అయిదు సార్లు భగవన్నామం వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటాను, ఒక్కటి తప్పినా మళ్ళీ మొదటికి వస్తాను. ఆవిడ ఎప్పుడు ప్రార్థన చేసుకుంటుందో నాకు సరిగ్గా తెలిసేది కాదు. అడిగితే, "ఆకుపచ్చ కలుపుతున్నాను కదండీ" అనేది. చేతిపని శ్రద్ధగా చేస్తే అదీ ఆరాధనేనని మా ధర్మం చెబుతుంది, కాదనను. కానీ కలిపిన ప్రతి ఆకుపచ్చా ఆరాధనేనా అని నాకు లోపల చిన్న అనుమానం. ఆ అనుమానాన్ని ఎన్నడూ బయటికి తియ్యలేదు. తీసి ఉంటే ఆ చలికాలం మా ఇంట్లో జరిగింది జరిగేది కాదేమో.

చలి మొదలవుతుండగా దర్జీ వచ్చాడు. మా ఊళ్ళో బహాయిల వ్యవహారాలు చూసే తొమ్మిది మంది సభకు అతను కార్యదర్శి. మెడలో కొలతల టేపు తీయడం మరిచిపోయి సభకు కూడా అలాగే వస్తాడు.

"వదినా, పిల్లల కోసం మన మందిరం మీద బొమ్మల పుస్తకం వేద్దామనుకున్నాం. తలుపుకో బొమ్మ, మొత్తం తొమ్మిది. కొత్త సంవత్సరం నాటికి పిల్లల చేతుల్లో ఉండాలి" అన్నాడు.

మా కొత్త సంవత్సరం వసంతం మొదటి రోజున వస్తుంది. దానికి ముందు పంతొమ్మిది రోజులు పగటి ఉపవాసాలు.

"తోటే గీస్తాను మరి, ఫర్వాలేదా?" అంది మా ఆవిడ.

"తోట ఉండాల్సిందే. కానీ వదినా, ఎక్కడో ఒకచోట ఒక్క మనిషిని పెట్టండి. మీ తోట బాగుంటుంది గానీ, ఊరంతా ఖాళీ చేసి వెళ్ళిపోయాక గీసినట్టుంటుంది."

మధ్య గదిలోంచి అత్తగారు అందుకుంది. "పోనీ నన్ను గియ్యవే. నేనైతే కదలను కూడా."

"నువ్వు కదలకపోయినా నీ నోరు కదులుతుంది కదమ్మా" అంది కూతురు.

అందరం నవ్వాం. మా ఆవిడ మాత్రం మనిషిని పెడతాననీ అనలేదు, పెట్టననీ అనలేదు.

మర్నాటినుంచి తెల్లవారకముందే ఇద్దరం తోటకు వెళ్ళేవాళ్ళం. తొమ్మిదో తలుపు ముందు కొత్తగా నాటిన సరుగుడు మొక్కలకు నీళ్ళు పోసే పని నేను ఒప్పుకున్నాను, తోటమాలికి మోకాళ్ళ నొప్పులు వచ్చి. చలికి మా నాన్న పాత పొడుగు కోటు తొడుక్కుని, చెవులు కప్పేలా తలకు తువ్వాలు చుట్టుకుంటే, గుమ్మం దగ్గర అత్తగారు నన్ను కిందా పైనా చూసి, "అల్లుడు గారూ, ఎవరింటికి కన్నం వేయడానికి ప్రయాణం?" అనేది.

మా ఆవిడ చిన్న పీట వేసుకుని, ఒళ్ళో అట్ట పెట్టుకుని, ఒక్కో తలుపు ముందు రోజుల తరబడి కూర్చుంది. మొదటి రోజుల్లో గీయదు, చూస్తుంది. రాలిన ఆకులు ఏరి పాత కేలండరు కాగితాల మధ్య పెడుతుంది. తరువాత నీడలు గీస్తుంది. నీడల తరువాత ఆకులు. తలుపు ఎప్పుడు గీస్తావని ఒకరోజు అడిగితే, "తలుపు నేను గీయను. ఆకులు వదిలేసినచోట అదే వస్తుంది" అంది. నిజంగానే వచ్చేది. ఆకుల మధ్య వదిలేసిన తెల్ల కాగితమే చూస్తుండగా చలువరాయి అయ్యేది.

చలి తగ్గుతుండగా ఎనిమిది బొమ్మలు పూర్తయ్యాయి. ఉపవాసాలు మొదలైన నాలుగో రోజున వాటిని పట్టుకుని ఆవిడ పక్క ఊళ్ళోని అచ్చాఫీసుకు వెళ్ళింది. రంగులు సరిగా పడుతున్నాయో లేదో దగ్గరుండి చూసుకోకపోతే ఆవిడకు అన్నం సయించదు. తొమ్మిదో బొమ్మ బల్ల మీద ఉంది. పైన పల్చటి కాగితం కప్పి ఉంది.

"దీనికి ఇంకా కాస్త పని ఉందండీ. ఎల్లుండి వచ్చి, ఆ మర్నాడు పట్టుకెళ్ళి ఇచ్చేస్తాను. అప్పటిదాకా కాగితం ఎత్తకండి."

"ఎందుకు?"

"ఎందుకూ లేదు. నేను వచ్చాక చూపిస్తాను" అంది. ముఖం పక్కకు తిప్పుకుంది. యాభై దాటిన మనిషి, కొత్త పెళ్ళికూతురిలా.

ఎత్తకండి అన్న కాగితాన్ని ఎత్తకుండా ఉండగలిగినవాడు మహానుభావుడు. నేను కాను. మర్నాడు మధ్యాహ్నం, అత్తగారు నిద్రపోతుండగా, ఎత్తాను.

తొమ్మిదో తలుపు. పక్కన చెట్ల నీడ. తెల్లవారుజాము వెలుగు బాట మీద పడుతోంది. బాట మధ్యలో ఒక మనిషి. మనకు వీపు పెట్టి నిలబడ్డాడు. మడమల దాకా దిగిన పొడుగాటి అంగీ. తలకు చుట్టిన తెల్లటి వస్త్రం. కొంచెం ముందుకు వంగిన భుజాలు, ఎడమ భుజం మీద మాత్రం ఎండ. ఎదురుగా రెండు లేత మొక్కలు ఆయనకు తల వంచినట్టు ఒరిగి ఉన్నాయి.

లేచి వెళ్ళి గది తలుపు దగ్గరగా వేశాను.

ఇది తెలియనివాళ్ళకు చెప్పాలి. మా ధర్మాన్ని అందించిన మహాత్ముడు బహావుల్లా రూపాన్ని మేము గీయం, గోడకు తగిలించం, నాటకంలో వేషం కట్టం. అవమానం అవుతుందని భయం కాదు, భక్తి. ఆయన పటం ఉంది. కొండ మీద తోటల మధ్య ఉన్న మా పవిత్ర స్థలానికి యాత్రకు వెళ్ళినవాళ్ళకు, అక్కడ ఒక భవనంలో, కొద్దిసేపు చూపిస్తారు. పన్నెండేళ్ళ కిందట మేమిద్దరం వెళ్ళాం. పటం ముందుకు రాగానే నేను తల దించుకున్నాను, మళ్ళీ ఎత్తలేకపోయాను. పక్కన మా ఆవిడ పాదాలు కదలకుండా అలాగే ఉండడం కనిపించింది. ఓరకంట చూస్తే ఆవిడ తల దించుకోలేదు. అందరికంటే ఆఖరున బయటికి వచ్చింది. వచ్చి, ఆ తోటలో ఒక గీత కూడా గీయకుండా తొమ్మిది రోజులూ ఉత్త చేతులతో తిరిగింది.

ఆ రోజు చూసింది ఇన్నాళ్ళు లోపల దాచుకుని ఇప్పుడు గీసిందన్నమాట, అనుకున్నాను. ముఖం గీయలేదు కాబట్టి తప్పు కాదనుకుందేమో. వీపయినా రూపమే కదా. అది పుస్తకమై ఇంటింటికీ వెళ్తే, పిల్లలు వేలు పెట్టి చూపిస్తే, నా భార్యను నలుగురూ ఏమంటారు?

కాగితం కప్పేసి దర్జీ దగ్గరికి వెళ్ళాను.

"ఏంటన్నగారూ, ముఖం అలా వాడిపోయింది. ఉపవాసం పట్టేసిందా?"

మనిషి లేనప్పుడు ఆ మనిషి తప్పు చెప్పడం మాకు పెద్ద దోషం. సలహా అడుగుతున్నాను అని పేరు పెట్టుకుని అంతా చెప్పాను. అతను కత్తెర కింద పెట్టాడు.

"వదిన అలా గీస్తుందా?"

"కళ్ళారా చూశాను తమ్ముడూ."

"కళ్ళతో చూశారు సరే. నోటితో అడిగారా?"

"ఆవిడ ఊళ్ళో లేదుగా" అన్నాను.

"రేపు వచ్చేస్తుంది కదా. ఆగండి. నలుగురం కూర్చుని మాట్లాడుకుంటే తేలని విషయమేముంది. మన పద్ధతే అది" అన్నాడు.

సరేనన్నాను. ఇంటికి నడుస్తుంటే సరే కాస్తా కరిగిపోయింది. అడిగితే, ఆవిడ అవునంటే? ఆవిడ అబద్ధం చెప్పదు. అవునంది అంటే ఆ మాట నలుగురిలో ఉండిపోతుంది. అడగకుండానే నేను సరిచేస్తే ఎవరికీ ఏ మచ్చా ఉండదు. ఆవిడను కాపాడుతున్నాననే అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, జవాబు వినే ధైర్యం లేకపోవడానికే ఆ పేరు పెట్టుకున్నానని అనిపిస్తుంది.

చెయ్యి తిరిగినవాణ్ణి. జుట్టు మందం స్ప్రింగులు తీసి పెట్టే చెయ్యి నాది. కంటికి భూతద్దం బిగించుకున్నాను. ముందు తడి దూది అద్ది రంగు లేపాను, తరువాత కొత్త బ్లేడు కొసతో కాగితం చిరగకుండా పొరపొరగా గీకాను. అద్దంలో ఆ చిన్న మనిషి పెద్దగా కనిపించాడు. తల వస్త్రం అంచున వెంట్రుకంత నీలం గీత ఉంది. ఎడమ భుజం దగ్గర అంగీ రంగు గింజంత మేర కొంచెం వేరుగా ఉంది, అతుకు వేసినట్టు. ఎంత ఓపిగ్గా గీసింది అనుకున్నాను. ఆ ఓపిక చూసి ఇంకా భయం వేసింది. పెదవులతో ప్రార్థన చదువుతూనే ఉన్నాను, చెయ్యి ఒక్కసారి కూడా వణకలేదు. పావుగంటలో మనిషి పోయాడు.

మిగిలిన తెల్ల మచ్చ కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. ఆవిడ పళ్ళెంలో ఎండిన ఆకుపచ్చను తడిపి, ఆ చోట ఒక పొద వేశాను. నాకు చేతనైన పొద. తోటలో గొంగళి పడేసినట్టు ఉంది.

వెనకనుంచి చేతికర్ర చప్పుడైంది. అత్తగారు లేచి వచ్చింది. నా భుజం మీదుగా తొంగి చూసింది. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూసింది.

"అల్లుడు గారూ, మీరెక్కడికి పోయారు?" అంది.

"ఇక్కడే ఉన్నానుగా అత్తయ్యా."

"ఇక్కడ కాదయ్యా. బొమ్మలో."

నాకు అర్థం కాలేదు. నిజంగా అర్థం కాలేదు. ఆవిడ ముఖం వైపు చూస్తూ కూర్చున్నాను, భూతద్దం ఇంకా కంటికే ఉంది.

"అది నేనా?"

"మీరు కాక ఎవరు? ఆ దొంగ కోటు, నెత్తిన నీలం అంచు తువ్వాలు. మొన్న నాకు చూపించి, ఆయనకు చెప్పకే అమ్మా, అని ఒట్టు వేయించుకుంది కూడా." అంటుండగానే అత్తగారికి బల్ల మీది బ్లేడు కనిపించింది. దూది కనిపించింది. నోరు తెరిచింది, మూసింది. ముప్ఫై ఏళ్ళలో ఆవిడకు మాట దొరక్కపోవడం అదే మొదటిసారి నేను చూడడం.

సొరుగు లాగి ఒక నోటు పుస్తకం తీసి నా ఒళ్ళో పెట్టి, కర్ర టకటకలాడించుకుంటూ వెళ్ళిపోయింది.

పుస్తకం నిండా నేనే. అన్నీ వీపులే. వంగి నీళ్ళు పోస్తున్న వీపు. నడుం మీద చెయ్యి పెట్టుకుని లేస్తున్న వీపు. బకెట్టు పక్కన పెట్టి, వేళ్ళ మీద నామం లెక్కపెట్టుకుంటూ నిలబడ్డ వీపు. నలభై, యాభై ఉన్నాయి. ఎడమ భుజం కుడిదానికంటే దిగి ఉంటుందని నాకు తెలియదు. మెడ వెనక అంత మడత పడుతుందని తెలియదు. ఎనిమిది తలుపుల ముందు కూర్చున్న ఆవిడ, పీట తిప్పుకుని తొమ్మిదో తలుపు వైపు ఎన్ని పొద్దులు చూసిందో కూడా నాకు తెలియదు.

కోటు భుజం మీద అతుకు నేనే వేసుకున్నాను. దాన్ని భూతద్దం పెట్టుకుని మరీ చూశాను. రంగు తేడా అనుకున్నాను.

నా వీపునే చూసి ఎవరనుకున్నానో తలుచుకుంటూ కూర్చుండిపోయాను. ముందు గదిలో పాతిక గడియారాలు ఏడు కొట్టాయట, పొద్దుగూకి చాలాసేపయిందట. అత్తగారు వేడి పాలు తెచ్చి ముందు పెట్టి, "ఉపవాసం విడవండి. దేవుడు మిమ్మల్ని ఇంకా కూర్చోమనలేదు" అనేదాకా నాకు ఏమీ వినపడలేదు.

మర్నాడు మధ్యాహ్నం మా ఆవిడ వచ్చింది. గుమ్మంలోనే చెప్పాలని రాత్రంతా మాటలు కూర్చుకున్నాను. "ఎనిమిదీ బ్రహ్మాండంగా వచ్చాయండీ" అంటూ ఆవిడ నన్ను దాటుకుని పనిగదిలోకి వెళ్ళిపోయింది. వెనకే వెళ్ళాను. అప్పటికే కాగితం ఎత్తింది. సంచీ భుజానే ఉంది.

చాలాసేపు చూసింది. గీకినచోట వేలితో తడిమింది.

"ఎవరు చేశారు?"

"నేనే."

"ఎవరనుకున్నారు?"

పేరు నోట రాలేదు. "ఆయన అనుకున్నాను" అన్నాను.

ఆవిడకు వెంటనే అందలేదు. అందాక, పక్కనున్న పీట మీద తడుముకుంటూ కూర్చుంది.  కోపం వస్తే తట్టుకుందామని సిద్ధంగా ఉన్నాను, రాలేదు.

"నేనా? నేను గీస్తాననుకున్నారా?" అంది.

"ఆ రోజు యాత్రలో... పటం ముందు నువ్వు తల దించుకోలేదు. అలా చూస్తూనే ఉన్నావు."

"చూస్తూనే ఉన్నాను. కళ్ళనిండా నీళ్ళు. ఆయనలో ఒక్క గీత కూడా కనపడలేదు నాకు. తుడుచుకుని చూద్దామంటే చెయ్యి లేవలేదు." ఆగింది. "మీరు తల దించుకుని ఉన్నారు కదా. మీకెలా తెలుస్తుంది?"

పన్నెండేళ్ళు. ఒక్కసారి, ఆ రోజు నీకు ఎలా ఉంది అని అడిగి ఉంటే చెప్పేది.

సొరుగులోంచి నోటు పుస్తకం తీసి ఆవిడ ముందు పెట్టాను. "ఇందులో అన్నీ ఉన్నాయి కదా. రేపటికి మళ్ళీ గీయవచ్చు కదా?"

"గీయవచ్చు. గీయను."

"నేను చేసింది..."

"పంతం కాదండీ. ఇప్పుడు మిమ్మల్ని గీస్తే కోపంతో గీస్తాను. మందిరం ముందు కోపాన్ని నిలబెట్టలేను" అంది. అప్పుడు ఏడ్చింది, చప్పుడు లేకుండా. నేను దగ్గరికి వెళ్ళవచ్చో లేదో తెలియక తలుపు పట్టుకుని నిలబడ్డాను.

సాయంత్రం బల్ల దగ్గర కూర్చుని ఏదో రాసుకుంటూ పిలిచింది.

"ఏవండీ, ప్రతి బొమ్మ కిందా మొక్కల పేర్లు వేస్తున్నాం. మీ పొద ఏమిటో చెప్పండి. రాయాలి."

వెక్కిరింత అనుకుని ముఖం చూశాను. వెక్కిరింత లేదు. పెన్సిలు పట్టుకుని నిజంగానే జవాబు కోసం చూస్తోంది.

"దీన్ని ఇలాగే పంపుతావా?"

"ఇంకొకటి లేదుగా. ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది."

పేరు చెప్పలేకపోయాను. పొద కింద ఖాళీగా వదిలేసింది. మర్నాడు పొద్దున్నే బొమ్మ చంకన పెట్టుకుని బండెక్కింది. నేను దర్జీ దగ్గరికి వెళ్ళి, చేసిందంతా ఏకరువు పెట్టాను. మెడలో టేపు రెండు కొసలూ పట్టుకుని విన్నాడు. "ఆగమన్నాను కదా అన్నగారూ" అన్నాడు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

మిగిలిన ఉపవాసాల్లో తోటకు రోజూ వెళ్ళాను. ఆవిడా వచ్చేది, కానీ ఇంకో వైపు కూర్చునేది. వెనక ఎవరైనా చూస్తున్నారేమోనని నా భుజాలు వాటంతట అవే బిగుసుకునేవి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. ఎవరూ చూడడం లేదనుకుని నిలబడ్డ ఆ వీపు ఇక ఎవరికీ, ఆవిడకు కూడా, దొరకదని నాకు అప్పుడు అర్థమయింది.

కొత్త సంవత్సరం రోజున గడ్డిలో పిల్లలందరినీ కూర్చోబెట్టి పుస్తకాలు పంచారు. పేజీలు తిరగేస్తుంటే రంగుల గాలి వీచినట్టుంది. పెద్దవాళ్ళు మా ఆవిడ చుట్టూ చేరి మెచ్చుకుంటున్నారు. తొమ్మిదో పేజీ దగ్గర కొందరు ఒక క్షణం ఆగి, ఏమీ అనకుండా మూసేస్తున్నారు. మర్యాదస్థులు.

పిల్లలకు మర్యాద అక్కర్లేదు. రెండు జడల పిల్ల ఒకతి పుస్తకం పట్టుకుని మా దగ్గరికి వచ్చింది. అన్నిటికీ పేరుంది, దీనికి లేదేమని, ఇది ఏ మొక్క అని మా ఆవిడను అడిగింది. మా ఆవిడ నా వైపు చూసింది. ఆ పిల్లతో పాటు తనూ అడుగుతున్నట్టే చూసింది.

నేను గడ్డిలో కూర్చున్నాను, ఆ పిల్ల ఎత్తుకు సరిపోయేలా.

"అది మొక్క కాదమ్మా. అక్కడ ఈ అమ్మమ్మ ఒక మనిషిని గీసింది. ఎవరో తెలియక నేను చెరిపేశాను."

"ఎవరని అడగలేదా?"

"అడగలేదు."

ఆ పిల్ల పొదను పరీక్షగా చూసింది. "అస్సలు బాలేదు. ఇది కూడా చెరిపెయ్యవచ్చుగా తాతా" అంది.

"చెరిపితేనే కదమ్మా అది వచ్చింది" అన్నాను.